ఆముదం పూసిన బేడలు

“ఆముదమే,” అంది నవనీత.

డ్రమ్ములోంచి తీసిన కందిబేడలు ఆమె అరచేతిలో నిగనిగలాడుతున్నాయి. తలంటుకు కూర్చోబెట్టిన చంటిపిల్ల తలలాగా ఉన్నాయి. ఇంకోసారి వాసన చూసింది. అనుమానం లేదు.

“అన్ని డ్రమ్ములకా?” అన్నాడు మునికుమార్. పాల వ్యాను డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా తయారై నిలబడ్డాడు పాపం.

“అన్నింటికీ.”

అంగడికీ ఇంటికీ మధ్యనున్న గడప మీద చెంగమ్మ కూర్చుని ఉంది. ఒడిలో చాట. ముఖంలో చిరునవ్వు. కోడలు మెచ్చుకుంటుందని ఎదురుచూస్తోంది.

“నేనే పూసినా,” అంది. “నిన్న మీరిద్దురూ బోర్డు రాసేవాని దగ్గరికి పోయినప్పుడు. పురుగు దరిదాపులకి రాదు ఇంక. నడుము పడిపోయిందనుకో, అయినా ఒక్క గింజ వదల్లేదు.”

నవనీత ఆ క్షణం నోరు మూసుకుని ఉంటే ఈ కథలో మనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఆమె తెల్లవారి నుంచి కాఫీ కూడా తాగలేదు. ఫుడ్ సేఫ్టీ మేడమ్ మదనపల్లె నుంచి బయలుదేరానని ఇంతకుముందే ఫోన్ చేసింది. ఆమె వచ్చి, చూసి, సరేనంటేనే లైసెన్సు. లైసెన్సు వస్తేనే శుక్రవారం అంగడి తెరవడం. శుక్రవారం తెరుస్తున్నామని పుంగనూరంతా చెప్పేశారు.

“నీ చేతులు యాల పెట్టినావత్తా దీంట్లో?” అంది. “ఇది అంగడి. కూలోళ్ల గుడిసె కాదు.”

మాట బయటికి వచ్చేసింది.

అన్నది ఎవరో పెద్దింటి పిల్ల అయితే చెంగమ్మ నవ్వి ఊరుకునేది. అన్నది చెరుకు కొట్టిన తల్లి కడుపున పుట్టిన పిల్ల. తన చేతులతో ఏరి కోరి తెచ్చుకున్న కోడలు. మదనపల్లెలో పెద్ద షాపులో ఏళ్ల తరబడి సరుకు చూసే పని చేసి, ఇప్పుడు సొంతంగా అంగడి పెడుతున్నదని ఊళ్లో కనబడిన వాళ్లందరికీ తాను చెప్పుకున్న కోడలు.

చెంగమ్మ చాట తీసి గోడకు ఆనించింది. నడుముకు చెక్కుకున్న తాళంచెవుల గుత్తి తీసి ఎదురుగా ఉన్న కాటా మీద పెట్టింది. కొత్త కాటా కదా, వెంటనే ఎర్ర అంకెలు వెలిగాయి. ఎవరూ వాటివైపు చూడలేదు.

“అమ్మా,” అన్నాడు మునికుమార్.

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి వంటింట్లోంచి మాటలు వినిపించాయి. కుప్పంలో ఉన్న కూతురు మునీశ్వరితో ఫోన్లో మాట్లాడుతోంది. అంగట్లోకి వినబడాలనే అంత గట్టిగా మాట్లాడుతోందని ఇద్దరికీ తెలుసు.

“ఏమీ లేదమ్మా. నేనే వస్తాండాను నీ కాడికి. ఊరికే. ఈడ నాకేం పనుండాది? నా చేతులు పనికిరావంట... లేదు లేదు, ఎవురూ ఏమీ అన్లేదు.”

“అనేసింది గదా,” అని గొణిగాడు మునికుమార్.

“గమ్మునుండు నువ్వు,” అంది నవనీత. ఆమె కళ్లు అప్పటికే చెమర్చాయి. కోపం ఇంకా పోలేదు. అన్న మాట తప్పని కూడా తెలిసిపోయింది.

“డ్రమ్ములు తీసి ఇంట్లో మంచం కింద పెట్టేద్దామా? ఆయమ్మకు యాడ తెలుస్తాది?”

“మదనపల్లెలో అదే పని చేసేవాళ్లు. తనిఖీ అంటే చాలు, చెడిపోయిన సరుకంతా వెనకింటికి పొయ్యేది. అది చూసి చూసి ఒళ్లు మండే గదా నేను బయటికొచ్చింది? మన అంగడి గూడా దాచిపెట్టేదాంతోనే మొదలు కావాల్నా?”

“మరేం చేద్దామంటావు?”

“చెప్పేస్తా. ఇట్ల జరిగిందని చెప్పేస్తా.”

“మా అమ్మ పూసిందనా?”

నవనీత చేతిలోని బేడలు డ్రమ్ములో పోసి మూత పెట్టింది.

లోపల చెంగమ్మ పొయ్యితో మాట్లాడుతోంది. “ఇన్నావా పొయ్యీ, ఇంక నీకూ నాకూ రుణం తీరిపోయింది. ఎవురు వండుతారో, ఎవురు తింటారో. సంగటి దించి పెట్టినా. ఊరిబిండి పచ్చడి రోట్లోనే ఉండాది. తినేవాళ్లు తినొచ్చు.”

అలిగిన మనిషి వంట మాత్రం మానలేదు. అదీ చెంగమ్మ అంటే.

*

ముందుగా వచ్చింది మేడమ్ కాదు, ఆదెప్ప. చెంగమ్మకు తమ్ముడు, మునికుమార్‌కు మేనమామ. చౌడేపల్లెలో చిన్న పప్పుమిల్లు నడుపుతాడు. ఈ అంగడికి బేడలు అతని మిల్లువే. మోపెడ్ మీద రాగిపిండి బస్తా వేసుకుని వచ్చి, వాకిట్లో దిగుతూనే కేక వేశాడు.

“అక్కా! మేడమ్ వచ్చిందా?”

అక్క లోపల చేతిసంచిలో చీరలు సర్దుకుంటోంది.

“ఏమైందప్పా?” అని మేనల్లుణ్ణి అడిగాడు. మునికుమార్ డ్రమ్ము మూత తెరిచి చూపించాడు. ఆదెప్ప నాలుగు బేడలు తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, “అయ్యో అక్కా,” అన్నాడు. అతనికి అన్నీ అర్థమైపోయాయి.

అప్పుడే జీపు వచ్చి ఆగింది.

దిగిన ఆవిడ పేరు మునిలక్ష్మి. నవనీత వయసే ఉంటుంది. జుట్టుకు టోపీ పెట్టుకుని, లోపలికి రాగానే ముందు చేతులు కడుక్కుంది. కడుక్కుంటూ సబ్బు ఉందా, కుళాయి నీళ్లు వస్తున్నాయా, తుడుచుకునే గుడ్డ శుభ్రంగా ఉందా అన్నీ చూసేసింది.

“మజ్జిగ తాగండి మేడమ్,” అన్నాడు ఆదెప్ప చేతులు కట్టుకుని. “ఎండన పడి వచ్చినారు.”

“పనయ్యాక,” అని నవ్వింది ఆవిడ.

తరువాత అరగంట బాగా జరిగింది. బస్తాలు నేలమీద కాకుండా చెక్కల మీద ఉన్నాయి. గోడకు, బస్తాలకు మధ్య చీపురు పట్టేంత సందు ఉంది. కిటికీలకు జాలీలు ఉన్నాయి. సబ్బులు, ఫినాయిలు తిండి సామాను దగ్గర లేకుండా వేరే అరలో ఉన్నాయి. ముందు అయిపోవాల్సిన తేదీ ఉన్న ప్యాకెట్లు ముందు వరుసలో ఉన్నాయి. ఒక్కొక్కటీ చూస్తూ మునిలక్ష్మి తల ఊపుతుంటే, వెనకే నడుస్తున్న నవనీతకు గుండె కాస్త కాస్త కుదుటపడింది.

“ఇంతకుముందు ఎక్కడైనా చేశారా?”

“మదనపల్లెలో మేడమ్. ఒక పెద్ద షాపులో.”

“తెలుస్తోంది. చాలా బాగా పెట్టుకున్నారు.”

ఆ మాట కోసమే నవనీత ఇన్నాళ్లు కష్టపడింది. కానీ ఆ సమయానికి ఆవిడ చెయ్యి డ్రమ్ము మూత మీద ఉంది.

మూత తెరుచుకుంది. మునిలక్ష్మి గుప్పెడు బేడలు తీసి వెలుతురులోకి పట్టింది. బ్యాగులోంచి తెల్ల కాగితం తీసి వాటితో రుద్దింది. కాగితం మీద నూనె మరక పడింది. మరక పడిన చోట కాగితంలోంచి వెలుతురు కనబడుతోంది.

“దీనికి ఏదో పూశారు.”

నవనీత నోరు తెరిచింది. ఆమె నోట్లోంచి మాట రాకముందే మునికుమార్ మాట వచ్చేసింది.

“మిల్లులోనే అట్ల వచ్చినాయి మేడమ్.”

అబద్ధాలు చెప్పడం అలవాటు లేని మనిషి చెప్పే అబద్ధం అంతే. ముందువెనకలు ఉండవు. మిల్లు ఎవరిదో, ఆ మిల్లు మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో చూసుకోలేదు.

“ఏ మిల్లు?” అంది మునిలక్ష్మి. “మిల్లులో పూసి పంపితే నేను శాంపిల్ తీయాలి. ఆ మిల్లుకే వెళ్లాలి. వాళ్లు ఇంకా ఎన్ని అంగళ్లకు పంపారో చూడాలి. కేసు అవుతుంది.”

మునికుమార్ ముఖం పాలిపోయింది.

ఆదెప్ప లోపలి గుమ్మం వైపు చూశాడు. తలుపు చాటున అక్క చీర కొంగు కనబడుతోంది. చిన్నప్పుడు అతని వంతు కూలి పని కూడా తానే చేసి, అతన్ని బడికి పంపిన అక్క.

“నాదే మేడమ్ మిల్లు,” అన్నాడు. “అవును. నేనే పూయించినా.”

“లేదు మేడమ్,” అంది నవనీత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “ఆయప్పకేం తెలీదు. నేనే పూసినా. ఈడికొచ్చినాక పూసినా.”

“మీరా?” మునిలక్ష్మి కళ్లద్దాలు సర్దుకుంది. “అన్నీ ఇంత పద్ధతిగా పెట్టుకున్న మీరు?”

“తెలీక...”

“అబద్ధం!”

తలుపు ధడాలున తెరుచుకుంది. చెంగమ్మ చేతిసంచితో సహా అంగట్లోకి వచ్చి నిలబడింది. నవనీత వైపు చూడలేదు. నేరుగా మేడమ్ ముందుకు వెళ్లింది.

“ఆయమ్మ పూసిందంట! తలకు ఆముదం పెట్టుకోమంటేనే ఆమడ దూరం పారిపోతాది, బేడలకు పూస్తాదా? నేను పూసినా మేడమ్. ఇదో, ఈ చేతులతోనే.”

మునిలక్ష్మి ఒకరి తరువాత ఒకరి ముఖాలు చూసింది. తరువాత ఆపుకోలేక నవ్వేసింది.

“మొత్తానికి ఈ బేడలకు ఇంతమంది పూశారన్నమాట.”

ఎవరూ నవ్వలేదు. మునికుమార్ మాత్రం తల గోక్కున్నాడు.

“ఎందుకు పూశారమ్మా?” ఈసారి ఆవిడ గొంతు మెత్తగా ఉంది.

చెంగమ్మ సంచి కింద పెట్టింది.

“నేను కూలికి పొయ్యేదాన్ని మేడమ్. చెనిక్కాయలు పెరికేదానికి, కలుపుకి, అన్నిటికీ. సాయంత్రం అంగడికి పోతే, మా అట్లాటోళ్లకని ఒక మూట వేరేగా పెట్టేవాళ్లు. అడుగున ఉండే పురుగు బేడలు. మంచి మూట ఎదురుగానే ఉంటాది. అడిగితే, ‘నీకు ఇదే’ అంటారు. ఇంటికొచ్చి చాటలో పోసుకుని, పురుగులు ఊది ఊది వండేదాన్ని. ఒకరోజు వీడు,” అని కొడుకు వైపు చెయ్యి చూపింది, “ఇంతుండాడు, పళ్లెంలో పురుగు తీసి, ‘అమ్మా, ఇది గూడా తినాల్నా?’ అని అడిగినాడు.”

మునికుమార్ తల దించుకున్నాడు. అతనికి అది గుర్తు లేదు. తల్లికి గుర్తుంది.

“మా ఇంట్లో అంగడి పెడతారని కలలో గూడా అనుకోలేదు. పెడతాండామని ఈళ్లు చెప్పినప్పుడు నాకు అదే తోచింది. మా అంగట్లో ఎవురికీ పురుగు బేడలు పోకూడదు. కూలోళ్లొచ్చినా, దొరలొచ్చినా ఒకటే డ్రమ్ములోంచి పొయ్యాల. అందుకని పూసినా. తప్పయితే నాది. మా తమ్ముని మీద రాయద్దు.”

నవనీత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈ సంగతి ఆమెకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

“మీ ఉద్దేశం మంచిదేనమ్మా,” అంది మునిలక్ష్మి. “ఇంట్లో పూసుకుంటే కడిగి వండుకుంటారు, మీకు తెలుసు కాబట్టి. అంగట్లో కొన్న మనిషికి తెలియదు కదా. చంటిపిల్లకు పప్పు ఉడికించి పెట్టే తల్లికి ఎవరు చెప్తారు? చెప్పకుండా ఏది పూసినా అది అమ్మకానికి పనికిరాదు. పురుగు పట్టకుండా ఉండాలంటే కొంచెం కొంచెం తెచ్చుకోండి, పొడి డబ్బాల్లో పోయండి, తొందరగా అమ్మేయండి.”

“అట్లనే,” అంది చెంగమ్మ బుద్ధిగా. ఆ మాట ఆమెకు సరిగ్గానే ఎక్కింది. చంటిపిల్ల సంగతి తనకు తట్టలేదు.

“ఇవి మొత్తం అంగట్లోంచి తీసేయండి. తీసేసినట్టు నేను రాసుకుంటాను. మిల్లు సంగతి ఇంతటితో సరి.”

ఆదెప్ప అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. “ఇప్పుడైనా మజ్జిగ తాగండి మేడమ్.”

ఆవిడ గ్లాసు అందుకుంది. తాగుతూ గోడ వైపు చూసింది. అక్కడ రెండు ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు అంటించి ఉన్నాయి. ఒకదాని మీద నవనీత ఫొటో, ఒకదాని మీద మునికుమార్ ఫొటో. తిండి సామాను తాకే మనుషులకు అంటురోగాలు లేవని డాక్టరు ఇచ్చినవి.

“మరి ఈవిడది?”

చెంగమ్మ కూడా గోడ వైపు చూసింది. కిందటి వారం ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లొచ్చారు. ఎందుకని అడిగితే, ‘ఏదో కాగితం కోసం’ అన్నారు. ఆ కాగితం ఇదన్నమాట. అంగడి మనుషులు ఎవరో అందులో ఉందన్నమాట. పొద్దున కోడలు అన్న మాట కంటే ఈ గోడ ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె వంగి సంచి చేతికి తీసుకుంది. కాటాతో అంది, “ఇన్నావా, నేను పొద్దున్నే అనుకునింది నిజమే. అంగడికి ఇద్దురేనంట.”

“మీరు అంగట్లో కూర్చోరా?” అంది మునిలక్ష్మి.

“నేను కుప్పం పోతాండాను మేడమ్. కూతురి కాడికి.”

మునిలక్ష్మి నవనీత వైపు తిరిగింది. “ఈవిడ ఉండరంటే నాకు పని తేలిక. ఇద్దరికీ కాగితాలున్నాయి, ఇప్పుడే పూర్తి చేసేస్తాను. శుక్రవారం తెరుచుకోవచ్చు. ఉంటారంటే మాత్రం ఈవిడది కూడా కావాలి. ఈ సాయంత్రంలోగా నా ఫోనుకు పంపాలి. లేకపోతే ఇక వచ్చే వారం సంగతే. ఏమని రాయమంటారు?”

మునికుమార్ పెళ్లాం వైపు చూశాడు. ఆదెప్ప నేలవైపు చూశాడు. చెంగమ్మ గుమ్మం వైపు అడుగు వేసింది, కానీ జవాబు వినకుండా మాత్రం గడప దాటలేదు.

ఒక్క మాట చాలు నవనీతకు. ఉండదంటే శుక్రవారం చేతికి వచ్చేస్తుంది. ఇన్నాళ్ల పనికి ఫలితం వచ్చేస్తుంది. పైగా అది అబద్ధం కూడా కాదు. సంచి సర్దుకున్న మనిషి ఎదురుగానే ఉంది.

“ఉంటుంది మేడమ్,” అంది నవనీత. “మా అత్త లేకుండా అంగడేంది? ఆమెకు తీయించాలని నాకు తోచలేదు. తప్పు నాదే. సాయంత్రానికి పంపిస్తా.”

“ఎవుర్నడిగి చెప్తాంది?” అంది చెంగమ్మ కాటాతో.

అయినా ఆమె కాలు గడప దగ్గరే ఆగిపోయింది.

*

ఆస్పత్రికి ఆటోలో వెళ్లారు. చెంగమ్మ సంచి వదల్లేదు. ఒక చివర ఆమె, ఇంకో చివర నవనీత, మధ్యలో సంచి కూర్చుంది.

నర్సు పేరు రోజా. చెంగమ్మ చేతికి రబ్బరు పట్టీ కడుతూ, “భయం లేదు కదా?” అంది.

“నా ఎంబడి వచ్చినామెకు చెప్పమ్మా,” అంది చెంగమ్మ, “సూదంటే నాకేం భయం లేదని.”

“సిస్టర్,” అంది నవనీత, “భయం లేకపోతే నా చెయ్యి యాల ఇంత గట్టిగా పట్టుకొనుండాదో అడగండి.”

చెంగమ్మ కిందికి చూసుకుంది. నిజమే. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. వదిలేద్దామనుకుంది. అంతలో సూది గుచ్చుకుంది. ఇంకా గట్టిగా పట్టుకుంది.

రోజా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీరిద్దరూ నాతోనే మాట్లాడుకునేటట్టయితే నేను ఇంకో డ్యూటీ వేయించుకోవాలి,” అని నవ్వింది.

డాక్టరు గోళ్లు చూశాడు, కళ్లు చూశాడు, నాలుక చూశాడు. చేతులు చాపమన్నాడు. కుడిచేతి వేళ్ల సందులో ఎర్రగా, గరుకుగా ఉన్నచోట ఆగాడు.

“ఇదేంటమ్మా?”

“చెనిక్కాయలు వలిచిన చేతులు సారూ. అట్లనే ఉంటాయి.”

“వలిస్తే కాయలు కాస్తాయి. ఇది వేరు. ఎప్పటి నుంచి ఉంది?”

చెంగమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

“అంటుకునేదా సార్?” అంది నవనీత.

“కావచ్చు, కాకపోవచ్చు. కొంచెం గోకి తీసి పరీక్షకు పంపుతాను. రక్తం రిపోర్టుతో పాటు అదీ సాయంత్రానికి వస్తుంది. ఫోన్ చేస్తాం. అంటుకునేదైతే తగ్గేదాకా తిండి సామాను ముట్టుకోకూడదు. సర్టిఫికెట్ ఇవ్వలేను.”

తిరుగు ప్రయాణమూ ఆటోలోనే. బజారు వీధి దాటాక నవనీత గొంతు సవరించుకుంది.

“అత్తా, పొద్దున నేనన్న మాట...”

చెంగమ్మ ముందుకు వంగి ఆటో అతని భుజం తట్టింది. “రొంత నిదానంగా పోనీ నాయనా. ఈ చప్పుడుకు మాటలు ఇనబడవు.”

ఆటో నెమ్మదించింది. చెంగమ్మ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. చెవి మాత్రం ఇటే ఉంది.

“మా అమ్మ గూడా నీ మాదిరే పనికి పోయింది. నీకనిన మాట మా అమ్మకు అనినట్టే. నాకు తెలుసు. అన్నాక తెలిసింది. నువ్వు పురుగు బేడల సంగతి చెప్తా ఉంటే నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు. ఆ సర్టిఫికెట్టు గూడా... నిన్ను వద్దని కాదత్తా. నువ్వు ఇంట్లో ఉంటావు, అన్నీ చూసుకుంటావు అనే అనుకున్నా గానీ, నీకు అంగట్లో కూర్చోవాలని ఉంటాదని తోచలేదు. అడగాల్సింది.”

చెంగమ్మ మధ్యలో ఉన్న సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకుంది. సీటు ఖాళీ అయింది. నవనీత కొంచెం దగ్గరికి జరిగింది.

ఆ కొద్ది దూరం వాళ్లిద్దరూ సుఖంగా కూర్చున్నారు.

*

అంగడి ముందు కారు ఆగి ఉంది. కుప్పం నుంచి మునీశ్వరి వచ్చేసింది. పొద్దున తల్లి ఫోను పెట్టేయగానే మొగుణ్ణి ఒప్పించి కారు తీసుకుని బయలుదేరింది. పలమనేరు దాకా ఏడ్చి, అక్కడి నుంచి కోపం తెచ్చుకుంది.

“ఏం వదినా! మా అమ్మ చేతులకేమొచ్చింది?” అంది నడుం మీద చేతులు పెట్టుకుని. “పనికిరావా? ఆ చేతులే గదా నీ మొగుణ్ణి పెంచింది?”

“నిజమే వదినా,” అంది నవనీత.

తగువుకు సిద్ధమై వచ్చిన మనిషికి ఎదుటివాళ్లు నిజమేనంటే ఏం చేయాలో తెలియదు. మునీశ్వరి తల్లి వైపు తిరిగింది.

“రూము ఖాళీ చేయించి పెట్టినా. పా అమ్మా, ఎక్కు కార్లో.”

“ఎక్కిద్దువులే. ముందు ఆ బేడలెక్కించు.”

“బేడలా?”

“ఆముదం పూసినవి. అంగట్లో పెట్టకూడదంట. మేము తినేది ఎంత? సగం నీకు. కడిగి వండుకో. మూడుసార్లు నీళ్లు పొయ్యాల, మరిచిపోవద్దు.”

మునికుమార్, ఆదెప్ప, కుప్పం అల్లుడు కలిసి డ్రమ్ములు మోశారు. కారు వెనక భాగం కిందికి దిగింది. మునీశ్వరి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది. తల్లిని తీసుకుపోదామని వస్తే ఇదేం వరస!

“మరి నువ్వు?” అంది చివరికి.

చెంగమ్మ గడప మీద కూర్చుంది. మోచేతి దగ్గర దూది ఇంకా అంటుకునే ఉంది. కుడిచేతి వేళ్లు ఎడమచేతిలో దాచుకుంది.

“రిపోర్టు రానీ,” అంది. “బాగుంటే అంగట్లో కూర్చుంటా. బాగలేకుంటే కార్లో కూర్చుంటా. చెయ్యి ఆడించకుండా ఈ ఇంట్లో ఊరికే కూర్చునేది నా వల్ల కాదు.”

“బాగలేకుంటే మందులేసుకుంటే తగ్గిపోతాదత్తా. శుక్రవారం కాకుంటే ఇంకో శుక్రవారం. మేమాగుతాం,” అంది నవనీత.

చెంగమ్మ చాటతో అంది, “నా కోసరం ఊరికంతా చెప్పింది ఆపుకుంటారంట. ఇన్నావా?” కానీ ఆ గొంతులో పొద్దుటి పదును లేదు. అందరూ సంగటి తిన్నారు. ఊరిబిండి బాగుందని అల్లుడు రెండోసారి వేయించుకున్నాడు. మునీశ్వరి కూడా కోపం ఎక్కడ వదిలేసిందో మరిచిపోయి, కొత్త అంగడంతా తిరిగి చూసింది. అరలు బాగున్నాయంది. జీలకర్ర డబ్బా మూత తీసి వాసన చూసింది. అన్నా చెల్లెళ్లు ఏదో పాత సంగతి తలుచుకుని పడీపడీ నవ్వుకున్నారు. కారులో కందిబేడలు, వాకిట్లో మనుషులు, లోపల కొత్త సరుకుల వాసన. ఆ ఇంట్లో అంత నిండుగా ఉన్న సాయంత్రం ఈమధ్య లేదు.

నవనీత ఒక్కతే మాటిమాటికీ ఫోను వైపు చూస్తోంది. పొద్దున ఆమెకు శుక్రవారం ఒక్కటే కావాలి. ఇప్పుడు శుక్రవారం పోయినా సరే, గడప మీద కూర్చున్న ఆ మనిషి లేచి కారెక్కకుండా ఉంటే చాలు.

ఎండ గోడ మీది ఫొటోల దాకా పాకింది. రెండు కాగితాల పక్కన మూడోదానికి చోటు ఖాళీగా ఉంది.

ఫోను మోగింది.

ఆస్పత్రి నంబరు. నవ్వులు ఆగిపోయాయి. దగ్గరలో ఉన్న మునికుమార్ చెయ్యి చాపాడు.

“నువ్వెత్తొద్దు,” అంది చెంగమ్మ.

తాళంచెవులు పొద్దుటి నుంచి కాటా మీదే ఉన్నాయి. ఆమె ఒకసారి వాటివైపు చూసింది. తరువాత, ఆ రోజంతా పొయ్యితోనూ కాటాతోనూ నర్సుతోనూ మాట్లాడిన మనిషి, కోడలి ముఖంలోకి సూటిగా చూసింది.

“నవనీతా, నువ్వెత్తమ్మా. ఏం చెప్పినా నువ్వే చెప్పు నాకు.”